మల్లెగా పొండి

జుమ్మెరాత్ బజార్ వెనక రేకుల షెడ్డుల
నా పని తుప్పు.
అక్షరాలు పంజతన్ సాబ్ రాస్తడు,
ముసలితనం నేను పెడ్త.

కొత్త రేకు పొద్దుగాల వస్తది
పెండ్లిపిల్లగాని బూటు లెక్క మెరుసుకుంట.
ఉప్పునీళ్లు, చింతపులుసు, ఒక్క సుక్క బ్యాటరీ నీళ్లు.
మూడు రాత్రులు డాబా మీద మంచుల పండవెడ్త.
నాలుగో దినానికి
దానికి తొంభై ఏండ్లు.

ఇగ సుత్తె తీస్త.
రాళ్లు చక్రాల కింది నుంచి లేస్తయి,
అందుకే కింది అంచుకు చిన్న చిన్న దెబ్బలు.
పోరగాండ్లు గురి చూసేది నడిమిట్లకు,
అక్కడ ఒక్కటే, జర లోతుగ.
ఎడ్లబండి కాడి తాకినట్టు కుడిపక్క ఒంపు.
ఇవన్ని నాకెవ్వరు చెప్పలె.
జరగని ప్రమాదాలను తలుసుకుంట తలుసుకుంట
నేర్సుకున్న.

ఏం బోర్డులు అవి!
ముందు వంతెన గలదు.
గుర్రములు బెదరును, బూర ఊదరాదు.
మోటారుకార్లు గంటకు పది మైళ్లు మించరాదు.
పైన ఉర్దూ, దానికింద ఇంగ్లీషు,
కింద తెలుగు, మరాఠీ, జాగ మిగిల్తే కన్నడం.
అన్ని భాషలల్ల ఒక్కటే భయం.

ఇప్పుడవి మాదాపూర్ కాఫీ హోటళ్ల గోడల మీద ఉన్నయి.
గుర్రం లేదు, బూర లేదు, వంతెన అసలే లేదు.
బాత్రూం తొవ్వల “ముందు వంతెన” చూసి
ఎవరో నవ్వుకుంట ఫోటో దిగుతరు.
సాయంత్రం అఫ్జల్‌గంజ్ కాడ
నా స్కూటీ పది మైళ్లు అందుకున్న రోజు
నాకైతే యాదికి లేదు.

అన్ని నకళ్లే మావి. అసలుది ఒక్కటుంది,
సాబ్ ఇంట్ల, మంచినీళ్ల గోళెం మీద మూత.
వాళ్ల తాత రాసిండట, శంషాబాద్ తొవ్వల మలుపు కోసం.
తాతకు తెలుగు రాదు.
ఎవరో గుమాస్తా కాయితం మీద రాసిస్తే
పిట్టల బొమ్మలు గీసినట్టు గీసిండు.
ఎత్వం ఒక్క అక్షరం పక్కకు ఎగిరి వాలింది.
మెల్లగా పొండి అనాల్సింది
మల్లెగా పొండి అయింది.

కొండాపూర్ మేడం పన్నెండు కొని పన్నెండూ వాపస్ పంపింది.
స్పెల్లింగ్ తప్పట.
దిద్దుదామా సాబ్, ఒక్క గీతనే కదా, అన్న.
ఆయన బ్రష్షు కిరసనాయిల్ల ముంచి
శానసేపు కడిగిండు.
“తుప్పు నకిలీది బేటా.
తప్పన్న అసలుది ఉండనీ.”

పదకొండు ఇంకా షెడ్డుల గోడకు చేరేసి ఉన్నయి.
ఒకటి బుగ్గయ్య అడిగి తీస్కపోయిండు,
గుడిమల్కాపూర్‌కు పూలు కొట్టే ఆటో ఆయినె.
వెనక డాలాకు తీగెతోటి కట్టుకున్నడు.
ఆయినెకు చదువు రాదు,
బోర్డు బరువుగుంది, డాలా ఊగదు అన్నడు, అంతే.

మొన్న ముసురుల పురానాపూల్ మీద
ఆయిన వెనకాలనే ఇరుక్కున్న.
బండ్లు కదలవు. హారన్లు ఆగవు.
తడి గోనెసంచుల కెల్లి వాసన మా అందరి మీదికి వస్తుంది.
బోర్డు దగ్గర నుంచి చూసిన.
నేను పెట్టిన రంగు వానకు కొట్టుకపోయింది.
నడిమిట్ల నా సుత్తె దెబ్బ కాడ
ఎర్రగ, సన్నగ, వేలికి అంటేటట్టు
వేరే తుప్పు మొదలైంది.

దానికి నేనేం చెయ్యలె.