ఏడు కిలోల ఆరువందల గ్రాములు

పర్లాకిమిడి ఇంట్లో, ఇంకా తెల్లారకముందే
వీపు సంచీని స్ప్రింగు కాటాకి వేలాడదీశాను.
ముప్ఫై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో
ఊళ్లోవాళ్ల రాళ్లకి సీసం ముద్ర కొట్టిన చేతులు
ఇవాళ సొంత రాళ్లు ఏరుతున్నాయి.
రెండో చొక్కా తీసేశాను. స్టీలు క్యారేజీ తీసేశాను.
దుప్పటి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను,
కొండమీద పుష్యమాసపు చలి ఊరుకోదు.
ముల్లు కాసేపు వణికి
ఏడు కిలోల ఆరువందల దగ్గర నిలబడింది.
ఎనిమిది దాటొద్దన్నారు పాఢీ డాక్టరు.
అసలు కొండే వద్దన్నారు, అది వేరే మాట.

నడుములో బయల్దేరుతుంది నొప్పి.
పిర్ర మీదుగా, తొడ వెనకగా, పిక్కలోకి దిగి
చిటికెనవేలి దాకా పోతుంది,
నౌపడా నించి గుణుపూరుకి
మా చిన్నప్పటి బుల్లి రైలు పోయినట్టు,
ఒక్క స్టేషనూ వదిలిపెట్టకుండా.
వైద్యం శాస్త్రిగారు దీన్ని గృధ్రసి అన్నారు,
నేలమీద రాబందు నడిచినట్టు
మనిషిని ఒరగేసి నడిపిస్తుందట.
మా ఆవిడ విని
"ఆ నడక మీకు పెళ్లినాటి నించీ ఉంది" అంది.

కొయింపూరు దాటాక ఎక్కుడు.
భుజాల పట్టీలు వదులు చేసి నడుం పట్టీ బిగిస్తే
బరువు తుంటి ఎముకలమీద సర్దుకుంటుంది,
చంకనెక్కిన పిల్లలాగ.
నొప్పి కుడికాలిది, కర్ర ఎడమచేతిది.
కాలు అడక్కముందే ఆగాలి,
అడిగాక ఆగితే ఇంక అది మన మాట వినదు.
ఇది తెలియడానికి నాకు రెండేళ్లు, ఒక ఆపరేషను భయం పట్టాయి.

ఒక బండ దగ్గర ఆగి
మనవడి టెన్నిస్ బంతిని పిర్రకీ రాతికీ మధ్య పెట్టి
మెల్లగా దొర్లిస్తున్నాను, ఎలుగుబంటి వీపు గోక్కున్నట్టు.
అల్లం గంప నెత్తిన పెట్టుకుని దిగుతున్న
బసంతి రైతా ఆగి చూసింది.
నవ్వలేదు.
"నరమా?"
"నరమే."
"నాకూ ఉంది. ఎడమ పక్క."
"మరి ఏం చేస్తావు?"
"సంతకి పోతాను."

ఏం పని చేసేవాడివని అడిగింది. చెప్పాను.
గంప దించకుండానే బరువు కుడికాలికి మార్చుకుంది.
"మా సంతకి ఎప్పుడూ రాలేదు నువ్వు.
పాతిక కిలోలు మోసుకెళ్తే ఇరవై అంటాడు షావుకారు.
ఆ ఐదూ ఎటు పోయాయో
నడుముకి తెలీదా బాబూ?"

జవాబులున్నాయి నా దగ్గర.
ఇద్దరే ఇన్‌స్పెక్టర్లం, జీపుకి డీజిలు లేదు,
రోడ్డు అప్పటికి పడలేదు.
రిటైర్మెంటు సభలో ఇవే చెబితే చప్పట్లు కొట్టారు.
ఇక్కడ నోరు తెరిచేసరికి
తుంటి నించి మడమ దాకా ఎవరో మెరుపుతీగ లాగారు.
బండమీద వెల్లకిలా పడి
మోకాలు గుండెలకి హత్తుకున్నాను.
సంజాయిషీ చెప్పుకునే భంగిమ కాదది.

లేవబోతుంటే నా సంచీని ఒంటిచేత్తో ఎత్తి అందించింది.
"ఎనిమిదిన్నర" అంది.
"ఏడూ ఆరువందలు. నేనే తూచాను."
ఆవిడ వాదించలేదు.
ఒక అల్లం కొమ్ము విరిచి నా అరచేతిలో పెట్టింది.
"నమిలితే వేడి పుడుతుంది.
ఇది తూకంలో లేదులే."

మలుపులో గంప కూడా కనపడకుండా పోయాక
అప్పుడు గుర్తొచ్చింది,
కింద ఊట దగ్గర లీటరు సీసా నింపానని.
లెక్క వేసుకున్నాను, వేళ్లమీద, రెండుసార్లు.
తేడా వచ్చిన వంద గ్రాములూ
దారిలో నేను తాగిన నీళ్లు.

చిటికెనవేలి దగ్గర రైలు ఇంకా కూస్తూనే ఉంది.
అల్లం కొరికాను.