హాజరు పట్టీలో లేని గడి

మిర్యాలగూడ. ఎడమ కాలువ పక్క మిల్లు.
పదకొండేండ్లు హాజరు పట్టీ రాసిన.
పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర.
నలభై రెండు మంది, నలభై రెండు టిక్కులు.
ఎవరికేమొస్తదో రాసే గడి
అందుల లేకుండె.
నేనూ అడగలే.

వానకాలం పంట దిగి
ట్రాక్టర్లు బైపాసు దాక తోక కట్టినప్పుడు
ముందు నిలబడ్డోళ్ళను ముందున్న పనికి తోలెటోణ్ణి.
నీకు చీపురు, నీకు జల్లెడ, నీకు బస్తా
పేకముక్కలు పంచినట్టు.

ఒకనాడు తేమ మిషిను చెడిపోయింది.
గేటు బయట పదిహేడు లారీలు.
సేటు నెత్తి పట్టుకున్నడు.
ఊడ్చుకుంట ఊడ్చుకుంట వచ్చిన సైదమ్మ
కుప్పల చెయ్యి పెట్టి
నాలుగు గింజలు పంటికింద వేసుకున్నది.
టక్కుమనలే.
"పందొమ్మిదికి తక్కువుండదు సారూ
ఇయ్యాల దించుకోకు."
పక్క మిల్లుల అడుక్కొచ్చిన మిషిను
పందొమ్మిదిన్నర చూపింది.

తొమ్మిదేండ్ల నుంచి
ఆ మనిషి చేతికి చీపురిచ్చింది నేనే.

ఆ రాత్రి పాత క్యాలెండరు చింపి
వెనుకదిక్కు రాసుడు మొదలువెట్టిన.
హుసేను: చెవులు వినవడవని
మిషిన్ల కాడికి రానియ్యకపోతిమి.
అరచెయ్యి ఇనుము మీద ఆనించి
బేరింగు పోయేదానికి ముందే
వేళ్ళు లేపి చూపిస్తడు, రెండు రోజులు, మూడు రోజులని.
రామాధారు బీహారు నుంచి తెచ్చుకున్నది
ఒక సంచి, ఒక చూపు;
గోదాం ఖాళీగున్నప్పుడే
వాని కండ్లల్ల నెట్టు కట్టి ఉంటది.
రూప్లా సంగతి ఎట్ల రాయాలె?
డ్రైవర్లు కాలర్లు పట్టుకున్నంక
నడుమ జొరబడి బీడీ అడుగుతడు.
ఇద్దరూ జేబులు తడుముకుంటరు.
కొట్లాట అక్కడ్నే చల్లారుతది.

"ఎవనికి వచ్చిన పని వాడు చేస్తానంటే
ఇది మిల్లా, పెండ్లి పందిరా?" అన్నడు సేటు.
నెల తిరిగి నూకల లెక్క చూసినంక
మళ్ళ ఆ మాట ఎత్తలే.
మెచ్చుకోనూ లేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే బాగుండు.

యాసంగి నడుమ సైదమ్మ వచ్చి
దవడ పట్టుకొని నిలవడ్డది.
"పొద్దంత వడ్లు కొరికి కొరికి
అన్నం నమలబుద్ధయితలేదు.
నాకు వచ్చిన పనినే
నా మెడకు పలుపు చేస్తివి సారూ.
కాంటా కాడ ఆ కంప్యూటరు ఉన్నది గద,
జెర నాకు నేర్పియ్యరాదు?"

"నీకు అంకెలొస్తయా?" అన్న.
అన్నంక నాలిక కరుచుకున్న.
పదకొండేండ్ల నోరు, ఊకుంటదా.

"ఆనాడు నేను చెప్పింది ఏంది మరి,
పాటనా?"

పోయెటామె ఆగి మళ్ళ తిరిగింది.
"అందరిది రాసుకున్నవట, క్యాలెండరు మీద.
నీకేమొస్తది?"

నవ్వుకుంటనే అడిగింది.
నేను పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
పక్క గదిల మిషిను ఆగేదాక కూసున్న.

కొత్త పట్టీల ఇప్పుడొక గడి గీసిన.
పెన్నుతోని కాదు, పెన్సిలుతోని;
మనిషి మారితే చెరపరావాలె.
నా పేరెదురుంగ ఖాళీగనే ఉన్నది.

కాంటా గదిల సైదమ్మ
ఒంటి వేలుతోని ఆరు కొట్టబోయి తొమ్మిది కొట్టింది.
చెరిపింది. మళ్ళ వెతుక్కుంటున్నది.
బయట లారీ హారన్ మీద హారన్.
రూప్లా బీడీ అడగపోయిండు.
ఆమె మాత్రం తొందరపడుతలేదు,
నేనూ.