మే నెలలో హీటరు

పుదుపేటలో ఆ రోజు నవ్వని వాడు లేడు.
కత్తిరి ఎండ. పాత ఇనుము కొట్ల మీద
గాలి కూడా వెల్డింగు వాసనేస్తోంది.
మిస్ యూనిస్ తన మోరిస్‌ని నా షెడ్డు ముందు ఆపి
గొడుగు విప్పుకుని దిగి
"హీటరు ఫ్యాను తిరగట్లేదు" అంది.

టీ కొట్లోంచి ఎవడో
ఐసు గడ్డలు కూడా కావాలేమో అడగమన్నాడు.
ఆవిడ అటు చూడలేదు.
పెరంబూరు రైల్వే బడిలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి,
వెనక బెంచీ నవ్వులు కొత్తా?
"ఊటీ పోయేది లేదు, కొడైకనాలూ లేదు.
మీట ఉంది. నొక్కితే ఏదో ఒకటి జరగాలి కదా."
న్యాయమే.

డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను.
నోట్లో టార్చి, చెవుల్లోకి చెమట.
ఫ్యూజు బాగుంది. అయినా తీసి
కొనలు గరుకు కాగితంతో రుద్ది పెట్టాను,
బాగున్నట్టు కనబడ్డం వేరు కాబట్టి.
మీట ముందు కరెంటు ఉంది. మీట దాటాకా ఉంది.
మోటారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి పన్నెండు వోల్టులూ
బెల్లు కొట్టి కొట్టి విసిగిన కొరియరు కుర్రాడిలా.

మీటరులో అంకె ముందు మైనస్.
"అన్నా, వైర్లు తిరగేసి పెట్టినావు" అన్నాడు ముబారక్.
లేదురా.
ఈ బండి పుట్టిన నాటికి భూమి ప్లస్సు.
మట్టిని మైనస్ చేసింది తర్వాతొచ్చిన వాళ్ళు.

మోటారులోంచి బయటికొచ్చే నల్ల వైరు మీద ముల్లు ఆనించాను.
అక్కడా పన్నెండే.
కిటికీలోంచి తల దూర్చి మిస్ యూనిస్
"అక్కడ సున్నా రావాలి కదా?" అంది.
నలభై ఏళ్ళ సర్వీసులో నన్ను అలా అడిగిన కస్టమరు లేడు.

ఎత్తిరాజులు మేస్త్రీ గుర్తొచ్చాడు.
రేడియేటరు ఫ్యాను మింగగా మిగిలిన నాలుగు వేళ్ళతో
బీడీ పట్టుకుని చెప్పేవాడు:
"పొయ్యే దోవ ఎవుడైనా చూస్తాడు రా,
వచ్చే దోవ చూడు."

చూశాను. అర వెనక, చెయ్యి పట్టని చోట
ఎర్తు బోల్టు.
పైన నలుపు, దాని కింద పచ్చ, ఇంకా కింద వెన్నరంగు.
ఎవరో ముచ్చటపడి
మూడుసార్లు అందంగా దారి మూశారు.
గీకాను. ఇనుము
చీరుకుపోయిన మోకాలిలా తెల్లగా బయటపడేదాకా.

మీట నొక్కితే ముందు ఏమీ లేదు.
తర్వాత ఒక టిక్కు.
తర్వాత, నిద్రలేపినందుకు తిట్టుకుంటున్నట్టు ఒక మూలుగు.
తర్వాత మా ముగ్గురి మొహాల మీదికీ
దుమ్ము, ఎండిన వేపపూత, బొద్దింక రెక్క,
ఎలక గూటి కాగితం తునకలు,
వాటి వెనకే కాలే కాలే గాలి.
ముబారక్ కుళాయి దగ్గరికి పరిగెత్తాడు.
టీ కొట్టు చప్పట్లు కొట్టింది.

ఆవిడ మాత్రం ఒళ్ళో పడ్డ తునక ఒకటి తీసి
కళ్ళజోడు పైకెత్తి చూసింది.
పిల్లరాత. ఏడెనిమిదులు యాభై నాలుగు.
పక్కన ఎర్ర సిరాతో రైటు గుర్తు.
"నాదే ఈ గుర్తు" అంది.
వెనక్కి తిప్పి చూసింది. పేరున్న చోటు
ఎలక తినేసింది.

బిల్లు రాశాను: ఎర్తు వైరు ఒకటి, కూలి, మొత్తం మూడొందల నలభై.
కూడిక మళ్ళీ చేసి చూసుకుని డబ్బిచ్చింది.
తునకని పర్సులో, నోట్ల పక్కన పెట్టింది.

అద్దాలన్నీ ఎక్కించుకుని
ఫ్యాను తిరుగుతుండగానే బండి తీసింది,
కత్తిరి ఎండలో, కూవం వంతెన వైపు.
సిగ్నలు దగ్గర ఆగినప్పుడు చూశాను:
స్టీరింగు మీద చెమటోడుతూ
ఆవిడ పెదాలు కదులుతున్నాయి,
ఏడో ఎక్కం.