రిజిస్టర్

పులి కనబడలేదని రాసిపోయిండ్రు.
మనుమరాలు శివలీల సదివి వినిపిస్తుంటె
పొయ్యిల కట్టె ఎగదోసుకుంట విన్న.

మా ఇప్పచెలిమె పెంటకు
సర్కారు పైసతోని రెండు గుడిసెలొచ్చినయి.
సూడబోతె మా వాటి లెక్కనే ఉంటయి,
లోపట టైల్సు.
మేం వంగి దూరే దర్వాజను
వాళ్లకోసం నిలువెత్తు లేపిండ్రు.
నల్లా పెట్టిండ్రు, నీళ్లు మర్సిండ్రు.
ఒక్క సారు తానం చేస్తె
నేనూ చిగుర్ల పోశమ్మా
చెలిమెకు ఆరు మల్కలు తిరగాలె.

మన్ననూర్ల మూడొద్దుల ట్రైనింగు.
మెడకు కార్డేసుకున్న పిల్లగాడు చెప్పిండు:
"అతిథి రాంగనే నవ్వాలమ్మా."
ఎప్పుడు నవ్వాలెనో
అప్పటిదాంక మాకెవ్వరు చెప్పలే.
తిరుగు బస్సుల ఆ ముచ్చట యాదికొచ్చి
కడుపులు పట్టుకొని నవ్వినం.
గా నవ్వు పనికి రాదట.

పోయిన శనారం ఒక జంట
తేనెపట్టు దించేది చూపెట్టమన్నరు.
ఇది కాలం కాదు, పట్టుల పిల్లలుంటయి
అన్నడు ఈదన్న.
వెయ్యి ఇస్తమన్నరు.
కొండంచుకు పోయి
ఏమీ లేనికాడ తాడేసి
ఊకె ఏలాడిండు. ఫోటోలు తీసుకున్నరు.
ఆ రాత్రి బువ్వ ముట్టలే.
వెయ్యి మాత్రం కమిటీల కట్టిండు,
రశీదు నా కాడ్నే ఉంది.

కమిటీ పైసలు అచ్చంపేట బ్యాంకుల.
తియ్యాలంటె ముగ్గురుండాలె.
నాది యేలిముద్ర, ఈదన్నది యేలిముద్ర,
మూడో సంతకం
బదిలీ మీద ఆదిలాబాదు పోయింది.

ఇగ శివలీల, మెడల దుర్భిణి.
ఆకుల సందున తోకాడితే చాలు
పిట్టకు ఇంగ్లీషు పేరు చెప్తది టక్కున.
మా అత్త దాన్ని సాటింపు పిట్ట అనేది.
పెద్దది కదిలితే
అడివికంతా సాటింపేస్తది గనక.

పులి కనబడలేదని రాసిండ్రు గద,
ఆ పొద్దు వాగవతల
మూడు మాట్ల అరిసిందది.
వాళ్లు సిగ్నలు కోసం
ఫోన్లు పైకెత్తి తిరుగుతున్నరు.
గంటె చేతుల పట్టుకొని నిలవడ్డ నేను.
పిల్ల నా దిక్కు చూసింది.
తలకాయ అడ్డం ఊపిన.

పులి కోసమొచ్చేటోళ్లకు గుడిసెలు కట్టినోళ్లే
పులి తిరిగే జాగ ఇది, మీరు కిందికి దిగుండ్రి అని
రెండేండ్లసంది కాయితాలు తెస్తున్నరు.

"అవ్వా, మన తరపున ఏం రాయాలె?"
పెన్ను మూత తీసి కూసుంది.

రాయి బిడ్డా.
దుప్పట్లు పన్నెండు.
ఒకటి తక్కువొచ్చింది.