మంగళవారం, పదకొండు నలభై

ట్రిప్లికేన్ హైరోడ్డు వెనక సందులో
మేన్షన్ మెట్ల కింద నా కొట్టు.
జెరాక్స్ మెషీనొకటి, కంప్యూటరొకటి,
ఎస్ ఒకసారి నొక్కితే రెండు పడే కీబోర్డొకటి.

పొద్దుట్నించీ పెన్‌డ్రైవులే.
చొక్కా జేబుల్లోంచి, బండి తాళాల గుత్తిలోంచి,
వరదయ్యంగారైతే బీరువా తాళంతో పాటు
జంధ్యానికి కట్టుకొస్తారు. విప్పరు.
ఆయన వంగి నిలబడితే నేను గుచ్చుతాను.
అందరివీ ఆ ఒక్క రంధ్రంలోనే,
ఒకే సూదితో పేట మొత్తానికీ
టీకాలు వేసినట్టు.

ఆ బుధవారం షట్టరెత్తి చూస్తే
ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోదు.
మునియమ్మ పదేళ్ళ కోర్టు కేసు,
ఎవరిదో థీసిస్, నాలుగో అధ్యాయం మాత్రమే,
దర్జీ ఖాజా ధరల పట్టీ,
ప్రతి పేరు వెనకా తెలియని తోక.
తెర మీద ఎర్రక్షరాలు:
తాళం మా దగ్గరుంది, డబ్బు కట్టు,
డెబ్బై రెండు గంటలు.

నాకు తెలిసిపోయింది.
నిన్న సాయంత్రం ఆఖరుగా గుచ్చింది
మూడో అంతస్తు ఇళవరసుది.
ఉద్యోగం లేదు, గడ్డం గీసుకోడు,
వాడు కాక ఇంకెవడు?
టీ తాగడానికి దిగినవాణ్ణి
ఆరుగురి ముందు కడిగేశాను.
నాకు తమిళం కోపంలోనే బాగా వస్తుంది.
"లేదక్కా" అన్నాడొకసారి.
గ్లాసులో సగం టీ అలాగే వదిలేసి
మెట్లెక్కాడు.

రిచీ స్ట్రీట్ నించి జెసింత వచ్చింది,
కొప్పులో స్క్రూడ్రైవర్ దోపుకుని.
వస్తూనే నెట్ వైరు పీకింది,
అంటు పక్క కొట్టుకి పాకకుండా.
"డబ్బు కట్టకు. కట్టినా తాళం ఇస్తాడని
నీకెవడు పత్రం రాసిచ్చాడు?"
తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత అంది:
"దీనికి కాళ్ళుండవక్కా.
ఎవరో ఒకరు తలుపు తీయాలి.
పిలవని పేరంటానికి రాదు,
తీయగా పిలిపించుకుని మరీ వస్తుంది.
మంగళవారం పదకొండు నలభైకి
కొట్టులో ఎవరున్నారు?"

నేనున్నాను.
నేనూ, పేపర్లో చుట్టిన మసాలా వడా.
కరెంటాఫీసు నించి మెయిలొచ్చింది,
బిల్లు కట్టలేదు, రాత్రికి లైను కోస్తామని.
కట్టాను కదా అనుకుంటూనే నొక్కాను.
మౌసు మీద ఆ నూనె మరక ఇంకా ఉంది.
"బిల్లు పేరు చివర మూడక్షరాలు
ఎక్కువున్నాయి, చూళ్ళేదా?"
చూడలేదు.
భయం వేసినప్పుడు
పేరు చివరిదాకా ఎవరు చదువుతారు?

అటక మీది పాత హార్డ్ డిస్కులో
దీపావళి దాకా ఉన్నవి దొరికాయి.
ఆ తర్వాతివి పోయాయి.
మునియమ్మ మళ్ళీ మొదట్నించి చెప్తోంది,
ఈసారి కేసు ఇంకాస్త పెద్దదయింది.
ఇప్పుడు శనివారం శనివారం అన్నీ ఎక్కించి
డిస్కు ఊడదీసి ఇంటికి పట్టుకెళ్తాను.
అప్‌డేట్ అడిగితే రేపు అనను.
చేతులు కాలాకే పట్టుకున్నాను ఆకులు,
అయినా పట్టుకున్నాను.

మూడో అంతస్తుకి నాలుగుసార్లు ఆగుతూ ఎక్కాను.
ముప్పై నాలుగో గదిలో ఇంకెవరో ఉన్నారు.
అంబత్తూరు వెళ్ళాడన్నారు, పావాడి అన్నారు,
సరిగ్గా ఎవరికీ తెలీదు.

చెడిపోయిన కాగితాల బుట్టలో దొరికింది
ఆ సాయంత్రం అతని బయోడేటా.
పేరులో ఒక ఎస్ ఎక్కువ పడింది,
నా కీబోర్డు పనే.
మంచి ప్రింటు తీసుకుని ఇది వదిలేశాడు.
కింద ఫోన్ నంబరుంది.

చేశాను. మోగింది, మోగింది.
మర్నాడూ చేశాను.
తెలియని నంబరు ఎత్తడు కాబోలు.

మంచి అలవాటే.