పరిగె

కోత మిషను ఊళ్ళో దిగిన ఏడాది
నా కొడవలి చూరులో దోపేశాను.
ఎనిమిదేళ్ళయింది. సాలీడు దాన్నే వాసం చేసుకుని
ఇల్లు కట్టుకుంది.

దాళ్వా పండితే చాలు,
మండపేట ఏజెంటు ఫోను కొడతాడు.
పంజాబు నించి లారీలెక్కి వస్తాయి పళ్ళున్న మిషన్లు.
పదిమందిమి పొద్దుగూకులూ నడుం వంచిన చేను
గంటలో బోడిగుండు.
వెనకాల మేం పరిగె ఏరుకుంటాం,
కోడిపిల్లలతో పోటీ పడి.

అందుకే బల్కార్ సింగంటే నాకు మంట.
మనిషి మంచోడే. అదో ఇబ్బంది.

ఆవేళ పొద్దున్నే మిషను ఆపేశాడు.
ముత్యాలుగారు గట్టు మీద గెంతుతున్నారు,
"మబ్బట్టిందయ్యా, వానొస్తే చేను పడిపోద్ది!"
"ఆజ్ నహీ. వైశాఖీ," అన్నాడు.
ఆ మాటకి తెలుగు దొరక్క
కుర్రాడు జస్కరన్ "పండగ, పండగ" అని అరిచాడు.

నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు బల్కార్.
మూకుడు కావాలిట.
స్టీలొద్దు, సిలవరొద్దు, ఇనుమే కావాలి.
ఉన్నది ఒకటే, మా అత్త కాలంది.
"చేపలొండేదయ్యా," అన్నాను.
అర్థం కాలేదో, అయ్యీ పట్టించుకోలేదో,
తనే కాలవలో దిగి బూడిదేసి తోమాడు,
అడుగున నా మొహం కనపడేదాకా.

వెదురు గడకి కాషాయం గుడ్డ కట్టి గట్టున పాతారు.
మిషను సీటు మీద పట్టుగుడ్డ పరిచి
పైన ఒక చిన్న పుస్తకం.
పెద్ద గ్రంథానికి గుడి ఉండాలి,
రాత్రి పడుకోబెట్టడానికి గది ఉండాలి,
మాకు లారీయే ఇల్లు కదా, అన్నాడు జస్కరన్
వచ్చీరాని తెలుగులో.
పుస్తకాన్ని పడుకోబెట్టడమేవిటో.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

పిండెంతో నెయ్యంత, నెయ్యెంతో పంచదారంత.
కలిపినంతసేపూ అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి.
తల మీద కొంగు కప్పుకోమన్నారు,
ఎండకి నేనెప్పుడూ కప్పుకునేదే.
ముత్యాలుగారు తువ్వాలు చుట్టుకున్నారు.
అందరం లేచి నిలబడ్డాం.
ఆఖర్న నడుం దగ్గరి చిన్న కత్తి తీసి
హల్వా మీద ఆనించాడు.
కొయ్యడానికి కాదు, ఊరికే తాకించడానికి.

మేమూ అంతే చేసేవాళ్ళం.
మొదటి పిడికిలి కోసే ముందు
కొడవలి ఓసారి చేనికి ఆనించి,
కళ్ళకద్దుకుని.

తర్వాత వరసలో కూచోమన్నారు.
దాన్ని వాళ్ళు పంగత్ అంటారట.
పంక్తి. ఆ మాట నాకు తెలుసు.
పెళ్ళిళ్ళలో ఆ మాట వినపడితే
మా అమ్మ విస్తళ్ళెత్తే వైపు వెళ్ళి నిలబడేది.

ముత్యాలుగారు కుర్చీ తెప్పించుకున్నారు.
జస్కరన్ నవ్వుతూ దాన్ని మడిచి
లారీలో పెట్టేశాడు, ఎంతో మర్యాదగా.
ఆయన గడ్డిలో కూచున్నారు. పక్కన నేను.
మధ్యలో జానెడు ఎండ.
భూకంపమేం రాలేదు.
వానా రాలేదు.

దోసిలి పట్టమన్నాడు.
పరిగె ఏరే చేతులెప్పుడూ నేలవైపే చూస్తాయి.
వాటిని ఆకాశంవైపు తిప్పడానికి
నాకు కాస్త ఆలస్యమైంది.
బల్కార్ ఆగాడు.

తిన్నాక కాలవ చూపించి అన్నాడు,
ఈ నీళ్ళు నాందేడ్ మీంచి వస్తాయని,
వాళ్ళ పదో గురువు కన్నుమూసింది ఆ ఒడ్డునేనని.
నాకు తెలిసిన గోదారి
విజ్జేశ్వరం లాకుల దగ్గర మొదలవుద్ది.
ఎంత పైనుంచి వస్తందో
ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు మిషను మళ్ళీ తిరిగింది.
గంటకో ఎకరం.
నా కోసం ఒక్క కంకి వదల్లేదు,
దానికా సంగతి తెలీదు.

మూకుడు అడుగున మాడిన తీపి.
మూడ్రోజులు తోమలేదు. చీమలు పట్టాయి.
నాలుగోనాడు కాలవ కట్టేశారు,
బురదలో బొమ్మిడాయిలు దొరికాయి.
తోమాను.