పుట అడుగున మాట

మాంచెస్టర్‌లో వాన ఒక కబురు కాదు.
విశ్వవిద్యాలయ గ్రంథాలయం కింద, నేలమాళిగలో,
తేమ కొలిచే ముల్లు యాభై దగ్గర నిలబడితే చాలు మాకు.
పైన ట్రామ్ వెళ్ళినప్పుడు
గిన్నెలో మైదా గంజి సన్నగా వణుకుతుంది.

నాకు పారసీ చదవడం రాదు.
దాని ఒళ్ళు మాత్రం తెలుసు:
ఏ కాగితానికి గుడ్డుసొన పట్టించారో,
ఎక్కడ గవ్వతో రుద్ది నునుపు తేల్చారో,
ఏ మూల ఎన్ని తరాల బొటనవేళ్ళు
ఆగి ఆగి నల్లబరిచాయో.

గీతలు గీసినవాడు చిలుము పచ్చ వాడాడు,
అందం కోసమే.
రాగి ఊరుకుంటుందా,
చట్రం పొడుగునా కాగితాన్ని కొరుక్కుంటూ వచ్చింది.
ఇప్పుడు పద్యాలు కిటికీ అద్దాల్లా
ఊడి చేతిలోకి వస్తున్నాయి.
అంచులకు జపాను కాగితం పీలికలు అంటిస్తాను.
తడి తగ్గితే పట్టదు, ఎక్కువైతే పచ్చ పాకుతుంది.
మా బాబాయి చిలకలూరిపేటలో సినిమా పోస్టర్లకు
ఇదే జిగురు బకెట్లతో కలిపేవాడని చెబితే
"అయితే నీకు పని నేర్పింది నేను కాదన్నమాట"
అంది బెరిల్, కళ్ళెత్తకుండా.

మొదటి పుట మీద పురుగుల రాజుకు విన్నపం ఉందట:
ఓ కబీకజ్, ఈ పుస్తకం జోలికి రాకు, అని.
సరిగ్గా ఆ పేరు నడుమ నుంచే
ఒక పురుగు దూరి, ముప్ఫై ఆకులు నడిచి,
ఎందుకో అక్కడ మానుకుంది.
రాజుగారు ఆ రోజు ఊళ్ళో లేరు కాబోలు.

మంగళవారాలు ఫరామర్జ్ గారు వస్తారు.
ఓల్డ్‌హామ్ రోడ్డు మీద ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి.
చేతులు కడుక్కుని, చొక్కాకు తుడుచుకోబోయి,
నేను చూడటం చూసి ఆగి,
పేపరు తువ్వాలు అడుగుతారు.
మెత్తటి దిండు మీద పుస్తకం తెరిచి
సీసపు గుళ్ళ దండ పుట మీద వాలుస్తాను.
ఆయన కళ్ళజోడు తీసి చదువుతారు. తీసి.
స్టాపుల పేర్లు చెప్పుకుంటున్నట్టు పెదవులు కదులుతాయి.

నలభై ఒకటో ఆకు దగ్గర ఆగారు.
పుట అడుగున, ఎడమ మూల, ఏటవాలుగా
ఒంటరి మాట ఒకటుంది.
తరువాతి పుట దేనితో మొదలవుతుందో
కుట్టేవాడికి చెప్పే గుర్తు అది.
వేలు తగలకుండా గాల్లోనే చూపించి పైకి చదివారు:
"జవాబ్."

నా కుంచె ఆగింది.
ఏడేళ్ళుగా గోళ్ళు తీసి, జ్వరం చూసి
సాకుతున్న పరాయి పిల్ల
ఉన్నట్టుండి మా వీధి మాట పలికింది.
మాకూ జవాబు జవాబే, అన్నాను.
కాగజ్? కాగితం. కలం? కలం.
కుర్చీ అంటే మాత్రం వాళ్ళింట్లో
చలికాలం కుంపటి మీద దుప్పటి పరిచిన బల్లట,
ఇంటిల్లిపాదీ దాని కింద కాళ్ళు చాపుకుంటారట.
చెబుతుంటే ఆయన కాళ్ళు బల్ల కింద కొంచెం కదిలాయి.

ఎదుటి పుటలో ఆ మాట లేదు.
మధ్యలో ఒక ఆకు పోయింది,
ఇస్ఫహాన్‌లోనో, ఓడలోనో,
దీన్ని కొన్న నూలుమిల్లు దొర బీరువాలోనో.
కుట్టు దగ్గర గోరంత తోక మిగిలింది, అంతే.
"పైన ఏమడిగారు?"
ఒకడు నదిని అడుగుతాడట,
రోజూ వెళ్ళిపోతూనే ఇక్కడే ఎలా ఉంటావని.
"మరి నది ఏమంది?"
ఫరామర్జ్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.
"అది బస్సు డ్రైవర్ని అడగాల్సిన మాట."
అడిగాను.
చాలాసేపు వాన సంగతే మాట్లాడారు.

సాయంత్రం ఆ తోకను తడిపి చదును చేశాను.
'ఒక ఆకు లోపించింది' అని బెరిల్ చీటీలో రాసింది.
పక్క ఆకు మందం కొలిచి
అంతే మందం పీలిక కుట్టులో నిలిపాను,
పుస్తకం ఒక పక్కకు వాలిపోకుండా.

వచ్చే మంగళవారం నలభై రెండు.
అందులో పచ్చ ఎక్కువ.